పలక చెడినా పలుకు దక్కవలె

అక్షరమనగా నశించనిది అని వ్యుత్పత్తి. ఈ అర్థాన్ని మనం బడిలో పిల్లలకు చెప్పి సంతోషిస్తాము. కాని ఆ అక్షరం ఏ వస్తువుపై నిలిచి ఉంటుందో ఆ వస్తువు మాత్రం ఎల్లప్పుడూ నశించేదే. తాటాకును పురుగు తిన్నది. కాగితాన్ని చెద తిన్నది. రాతిమీది వ్రాతను ఎండావానా అరగదీసినవి. ఈ కాలంలో మన వ్యాసాలను, పాటలను, ఛాయాచిత్రాలను, పిల్లల మార్కుల పట్టికలను మోస్తున్న హార్డ్ డిస్కుకు కూడ ఈ నియమం నుండి మినహాయింపు లేదు. ఒకనాడు అదీ చెడుతుంది. చెడిననాడు నశించినది అక్షరమా, లేక దానికి ఆధారమైన వస్తువు మాత్రమేనా అన్న ప్రశ్న పుడుతుంది. ఈ రెంటికీ గల భేదం తెలిసినవాడు చాలావరకు కాపాడగలడు. తెలియనివాడు మిగిలి ఉన్నదానిని కూడ తన చేతులతోనే పోగొట్టుకొంటాడు.

ఇది యంత్రజ్ఞుల విషయం, తెలుగు చెప్పుకొనే మనకెందుకు అని ఊరకుండరాదు. శిథిలమైన ప్రతిని జాగ్రత్తగా విప్పడం, చదవగలిగినంత చదివి మరొక ప్రతి వ్రాసుకొనడం, లోపించిన చోటును గుర్తుపెట్టడం మన పండితులు తరతరాలుగా చేసిన పనులే. చెడుతున్న డిస్కు నుండి సమాచారాన్ని వెలికితీసే విద్యకు కూడ మూలసూత్రాలు ఇవే.

తిరిగే పలక

హార్డ్ డిస్కు పుట్టినది 1956లో. మన వైపు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఆ సంవత్సరమే అమెరికాలో ఐబీఎం సంస్థ రామాక్ అనే యంత్రాన్ని వెలువరించినది. దాని డిస్కు విభాగంలో 24 అంగుళాల వెడల్పు గల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిసి మోయగలిగినవి 50 లక్షల అక్షరాలు. బీరువా వంటి ఆ విభాగం బరువు సుమారు ఒక టన్ను. నేడు జేబులో పట్టే ఒక టెరాబైటు డిస్కు దానికి సుమారు 2 లక్షల రెట్లు మోస్తున్నది. పరిమాణం ఇంతగా మారినా పనిచేసే తీరు మాత్రం మూలంలో మారలేదు.

డిస్కు మూత లోపల అల్యూమినియంతో గాని గాజుతో గాని చేసిన నున్నని గుండ్రని పలకలు ఉంటాయి. వాటిపై అయస్కాంత పదార్థపు పలుచని పూత ఉంటుంది. అవి నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటే, సన్నని చేయి చివర ఉన్న చిన్న శీర్షం ఆ పూతపై వ్రాస్తుంది, చదువుతుంది. శీర్షం పలకను తాకదు. కొన్ని నానోమీటర్ల ఎత్తున గాలిపొరపై తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు అని తలచుకొంటే ఆ ఎడం ఎంత స్వల్పమో బోధపడుతుంది. మన ఎర్రనేల దుమ్ములోని కంటికి కానరాని రేణువు కూడ దాని పాలిటికి పెద్ద బండరాయి. అందుచేతనే డిస్కు మూతను ఇంటిలో గాని దుకాణపు బల్లమీద గాని విప్పరాదు.

పలకపై వ్రాత అంతా చిన్న చిన్న గదులుగా విభజింపబడి ఉంటుంది. వీటిని సెక్టార్లు అంటారు. పూర్వపు డిస్కులలో ఒక్కొక్క గదికి 512 బైట్లు; నేటి డిస్కులలో చాలావాటికి 4,096 బైట్లు. ప్రతి గదికీ ఒక వరుస అంకె ఉంటుంది. ‘తెలంగాణ’ అన్న మాటనే తీసుకొందాము. యూనికోడు లెక్కలో త, ఎత్వం, ల, సున్న, గ, దీర్ఘం, ణ అని దీనికి 7 సంకేతాలు. సాధారణంగా వాడే పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. మొత్తం 21 బైట్లు. అనగా 512 బైట్ల గది ఒకటి చెడితే ఇటువంటి మాటలు 24 పోతాయి. 4,096 బైట్ల గది చెడితే 195 పోతాయి. ఒక పుట పోయినట్లే.

డిస్కు చెడే తీరులు ముఖ్యంగా మూడు. మొదటిది, పలక బాగానే ఉండి దానిపై ఏది ఎక్కడ ఉన్నదో చెప్పే విషయసూచిక చెడిపోవడం. మధ్యలో కరెంటు పోవడం, పొరపాటున చెరిపివేయడం దీనికి సామాన్యమైన కారణాలు. రెండవది, పలకపై కొన్ని గదులు క్రమంగా బలహీనపడడం. అప్పుడు కంప్యూటరు మందగిస్తుంది. ఒక ఫైలు తెరవబోతే అంతా నిలిచిపోతుంది. మూడవది, శీర్షమో, పలకలను త్రిప్పే మోటారో దెబ్బతినడం. అప్పుడు లోపల నుండి టక్ టక్ మని చప్పుడు వినవస్తుంది. ఆ చప్పుడు విన్న మరుక్షణం కరెంటు తీసివేయవలె. దెబ్బతిన్న శీర్షం తిరిగే పలకను గీరుతుంది. ఆ గీరిన చోట పూత లేచిపోయిన తరువాత చదవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఇటువంటి డిస్కును దుమ్ము చేరని ప్రత్యేకమైన గదిలో, తగిన నిపుణులు మాత్రమే విప్పవలె.

‘లేదు’ అన్న మాట ఎవరిది?

మొదటి తీరును కొంచెం వివరంగా చూడవలె. ఒక ఫైలును చెరిపివేసినప్పుడు కంప్యూటరు సాధారణంగా పలకపై ఉన్న వ్రాతను తుడిచివేయదు. సూచికలో ఆ పేరును మాత్రం కొట్టివేసి, ఆ గదులు ఖాళీగా ఉన్నవని వ్రాసుకొంటుంది. మరొక వ్రాత వచ్చి వాటిలో కూర్చునేవరకు పాత వ్రాత అక్కడనే ఉంటుంది. సూచిక అంతా చెడినప్పుడు కంప్యూటరు ‘ఈ డిస్కులో ఏమీ లేదు, ఫార్మాటు చేయమంటారా?’ అని అడుగుతుంది. ఆ ‘లేదు’ అన్న మాట సూచికది, పలకది కాదు.

మన ప్రాంతంవారికి ఈ భేదం కొత్తది కారాదు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట ఒకప్పుడు వినవచ్చినది. గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు అప్పటికి గోలకొండ పత్రిక సంపాదకులు. వారు ఆ మాటకు కోపంతో కాక పనితో సమాధానం చెప్పినారు. ఊరూరి నుండి కవితలను తెప్పించి, కూర్చి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించినారు. కవులు లేకపోవడం కాదు జరిగినది. వారి పేర్లు వ్రాసుకొన్న పట్టిక లేకపోవడం. పట్టిక లేనిచోట పలకను చదవవలె.

సూచిక చెడిన డిస్కును చదివే సాధనాలు చేసేది కూడ ఇదే. అవి సూచికను ప్రక్కన పెట్టి, మొదటి గది నుండి చివరి గదివరకు చూసుకొంటూ పోతాయి. ఒక్కొక్క రకపు ఫైలు ఒక్కొక్క విధమైన గుర్తుతో ప్రారంభమవుతుంది. పీడీఎఫ్ ఫైలు మొదటనే పీడీఎఫ్ అన్న అక్షరాలు ఉంటాయి. ఛాయాచిత్రానికి వేరొక గుర్తు. ఆ గుర్తు కనిపించిన చోట ఒక ఫైలు మొదలైనదని గ్రహించి అవి దానిని బయటికి తీస్తాయి. ఫొటోరెక్ అనే ఉచిత సాధనం ఇందుకు ప్రసిద్ధమైనది. ఈ మార్గంలో ఫైళ్ళ పేర్లు మాత్రం సాధారణంగా దక్కవు. వస్తువు దక్కుతుంది, శీర్షిక పోతుంది. ఏ పాట ఎవరిదో మళ్ళీ విని పోల్చుకోవలసిందే. ఒక ఫైలు ముక్కలుగా వేరువేరు చోట్ల ఉంటే అదీ పూర్తిగా దొరకదు.

ముందు ప్రతి, తరువాత చికిత్స

రెండవ తీరులో, అనగా గదులు బలహీనపడుతున్న డిస్కు విషయంలో, మొదటి సూత్రం ఒక్కటే: దానిని బాగుచేయబోరాదు; ముందు దానికి ప్రతి తీయవలె. మనవారు ఎక్కువగా తప్పేది ఇక్కడనే. డిస్కు మందగించగానే దోషాలు సరిచేసే ఆజ్ఞ ఇస్తారు. లేదా ఫార్మాటు చేసి తరువాత వెలికితీద్దామనుకొంటారు. సరిచేసే ఆజ్ఞ సూచికను తిరగవ్రాస్తుంది. చదవరాని గదులను తొలగిస్తుంది. దాని ఉద్దేశం డిస్కును పనిలో పెట్టడమే గాని మన వ్రాతను కాపాడడం కాదు. ఇక వెలికితీసే సాధనాన్ని అదే డిస్కులోనికి ఎక్కించేవారు, దొరికిన ఫైళ్ళను తిరిగి అదే డిస్కులో దాచేవారు కూడ ఉన్నారు. చెరువులో పడిన ఉంగరాన్ని వెదకడానికి దిగి నీటిని బురద చేయడం వంటిది ఆ పని. డిస్కును ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న మాట కూడ ఒకటి ప్రచారంలో ఉన్నది. చల్లబడిన డిస్కును బయటికి తీస్తే లోపల తేమ పట్టుతుంది. ఉన్న ఆశ కూడ పోతుంది.

ప్రతి తీయడమంటే ఫైళ్ళను ఒక్కొక్కటిగా మరొక చోటికి లాగడం కాదు. సూచికతో నిమిత్తం లేకుండా మొదటి గది నుండి చివరి గదివరకు ఉన్నదున్నట్లు, అదే వరుసలో, మరొక మంచి డిస్కుకు ఎక్కించడం. అలంపురం చూడబోయినవారు అక్కడ కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని చూసి ఉంటారు. శ్రీశైలం జలాశయపు ముంపు నుండి కాపాడడానికి ఆ ఆలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి, అలంపురంలో తిరిగి నిలిపినారు. నీరు వస్తున్నప్పుడు ఎవరూ గోడకు సున్నం వేయరు, శిల్పాన్ని కడగరు. ముందు రాళ్ళను వరుస తప్పకుండా గట్టుకు చేరుస్తారు. చెడుతున్న డిస్కు కూడ మునుగుతున్న ఆలయమే.

ఈ పనికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం కలదు. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన దీని రచయిత. దీని నడకలో ఒక వివేకం ఉన్నది. సామాన్యంగా కంప్యూటరు చదవరాని గది ఎదురైతే అక్కడనే నిలిచి పదేపదే ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నంలోనే డిస్కు అలసి పూర్తిగా చెడవచ్చు. డీడీరెస్క్యూ అట్లు చేయదు. కష్టమైన చోటును విడిచి ముందుకు సాగి, సులభంగా చదవగలిగినదంతా మొదట చదువుతుంది. తరువాత వెనుకకు వచ్చి, విడిచిన భాగాల అంచులను కొద్దికొద్దిగా చదువుతుంది. చివరకు మిగిలిన గదులను ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తుంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలకు ముందు జవాబు వ్రాయుమని మనం విద్యార్థులకు చెప్పే ఉపాయమే ఇది. ఏ గది చదివినది, ఏ గది మిగిలినది అన్న వివరమంతా అది ఒక పటంలో వ్రాసుకొంటుంది. నడుమ కరెంటు పోయినా మళ్ళీ ఆ పటం చూసుకొని నిలిచిన చోటనే మొదలుపెట్టగలదు. ప్రతి పూర్తి అయిన తరువాత అసలు డిస్కును భద్రంగా ప్రక్కన పెట్టి, మరమ్మతులన్నీ ప్రతిమీదనే చేయవలె. ప్రతి చెడితే మరొక ప్రతి తీయవచ్చును. అసలు చెడితే మరొక అసలు లేదు.

ఒక పాట, ఒక ఖాళీ

నాకు తెలిసిన ఒక తెలుగు పండితుడు దేవరకొండ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో చాలాకాలం పనిచేసినారు. వారు తమ విద్యార్థులతో కలిసి ఊళ్ళు తిరిగి, పెద్దల నోట నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు, బతుకమ్మ పాటలు రికార్డు చేయించినారు. పాలమూరు కూలీలతో కలిసి ఆనకట్టల పనులకు వలసపోయి వచ్చినవారి జ్ఞాపకాలు కూడ వాటిలో ఉన్నవి. అన్నీ ఒకే డిస్కులో ఉండేవి. ఒక వేసవిలో అది మందగించినది. దుకాణంలో చూపితే ఫార్మాటు చేయక తప్పదన్నారు. పండితుడు ఒప్పుకొనక, హైదరాబాదులో పనిచేస్తున్న ఒక పూర్వ విద్యార్థికి ఫోను చేసినారు. ‘సార్, దాన్ని ఇక ముట్టకండి. కరెంటు తీసి పక్కన పెట్టండి, నేను వస్తున్నా’ అన్నాడా యువకుడు. ఆ మాటే సగం రక్షణ అయినది.

అతడు పైన చెప్పిన విధంగానే ప్రతి తీసినాడు. ఒక రాత్రిలో చాలా భాగం వచ్చినది. మిగిలిన కొద్ది భాగానికి మరి కొన్ని రోజులు పట్టినవి. చివరకు చదవరాని గదులు కొన్ని ఉండనే ఉన్నవి. పాటలు దాదాపు అన్నీ దక్కినవి గాని, ఒక ముసలమ్మ పాడిన నాట్ల పాటలో మూడవ చరణం నడుమ గొంతు తెగిపోయి మళ్ళీ నాలుగవ చరణంలో వినవస్తుంది. ఆమె అప్పటికే కాలం చేసినది.

పండితుడు ఆ ఊరికి వెళ్ళి ఆమె కోడలిని అడిగినారు. ‘మా అత్త పాడినట్టు నాకు రాదు సారూ. నాకొచ్చినట్టు పాడుత, రాసుకోన్రి’ అన్నదామె. పాడినది. ఆ చరణం దొరికినది. కాని ఆయన దానిని తెగిన చోట అతికించలేదు. అత్త పాటలో ఖాళీని ఖాళీగానే ఉంచి, కోడలి పాటను వేరుగా, ఆమె పేరుతో, పాఠాంతరంగా వ్రాసి పెట్టినారు.

తాళపత్రాలు చదివినవారికి ఈ పద్ధతి తెలియనిది కాదు. ఆకు విరిగి అక్షరం పోయిన చోట మన లేఖకులు, పరిష్కర్తలు ‘గ్రంథపాతం’ అని గుర్తించి ముందుకు పోయేవారు. తోచిన పదంతో పూడ్చి మూలమని చూపడం దోషంగా ఎంచేవారు. డీడీరెస్క్యూ వ్రాసే పటం కూడ గ్రంథపాతాల పట్టికయే. ఎంత దక్కినదో చెప్పడంతో పాటు ఎంత పోయినదో, ఎక్కడ పోయినదో నిజాయితీగా చెప్పగలగడం ఉద్ధరణలో సగభాగం.

దక్కినా చదవరాని వ్రాత

ఆ పండితుడికి మరొక చిక్కు కూడ ఎదురైనది. అది తెలుగువారందరికీ రానున్న చిక్కు. ఆయన పాటల పాఠాలను టైపు చేయించిన ఫైళ్ళు చెక్కుచెదరక వచ్చినవి. కాని తెరిచి చూస్తే తెలుగు లేదు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు మాత్రమే ఉన్నవి. పలక బాగున్నది, గదులు బాగున్నవి, అయినా పలుకు లేదు.

కారణమేమనగా, యూనికోడు మన వాడుకలోనికి రాకమునుపు అను వంటి ఫాంట్లతో టైపు చేసేవారు. వాటిలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలోనే తెలుగు అక్షరాల రూపాలను, ముక్కలను అమర్చినారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగు కనిపిస్తుంది. లేనిచోట ఇంగ్లీషు గజిబిజి కనిపిస్తుంది. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలతో ప్రత్యేకమైన చోటు ఏర్పడినది గాని, మన అచ్చుపనులు చాలాకాలం పాత ఫాంట్లతోనే సాగినవి. ఆనాటి పుస్తకాలు, అభినందన సంచికలు, పాఠశాల పత్రికలు ఎన్నో ఇట్టి ఫైళ్ళలోనే ఉన్నవి. వీటిని యూనికోడులోనికి మార్చే సాధనాలు ఉన్నవి. మార్చిన తరువాత ఒత్తులు, గుణింతాలు తారుమారైనవేమో తెలుగు తెలిసినవారు చదివి చూడవలె. ఇక్కడ యంత్రజ్ఞుని పని ముగిసి తెలుగు ఉపాధ్యాయుని పని మొదలవుతుంది.

ఆశకు ప్రమాణం, ఆశకు హద్దు

వెలికితీసే విద్య ఎంతదూరం పోగలదో చూపడానికి ఒక దృష్టాంతం చాలును. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా మొదలైన ఏడుగురు వ్యోమగాములతో కొలంబియా నౌక ఆకాశంలో ముక్కలైనది. దానిలో జీనాన్ వాయువుపై జరిపిన ఒక ప్రయోగపు ఫలితాలు గల హార్డ్ డిస్కు నెలల తరువాత టెక్సాస్‌లో ఎండిన ఒక చెరువు అడుగున దొరికినది. మూతకు ముద్ర పోయినది, లోపల దుమ్ము చేరినది, పైభాగం కాలి కరిగినది. అయినా క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ నిపుణులు పలకలను శుభ్రపరచి, వేరొక యంత్రంలో అమర్చి, సుమారు 99 శాతం సమాచారాన్ని చదివినారు. దెబ్బ తగిలిన భాగంలో అదృష్టవశాత్తు వ్రాత లేదు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ప్రకటితమైనవి. మనుషులు దక్కలేదు, వారు చేసిన పని దక్కినది.

అయితే హద్దులు కూడ తెలిసి ఉండవలె. ఒక గదిపై కొత్త వ్రాత పడిన తరువాత పాత వ్రాతను తెచ్చే శక్తి ఏ సాధనానికీ లేదు. అట్లే, నేటి లాప్‌టాప్‌లలో తిరిగే పలకలకు బదులు ఎస్ఎస్‌డీలు వస్తున్నవి. వాటిలో ఒక ఫైలును చెరిపితే, ఆ చోటును నిజంగానే ఖాళీ చేయుమని కంప్యూటరు ఆజ్ఞ ఇస్తుంది. కాబట్టి చెరిపినది పలకపై ఉండనే ఉంటుందన్న ధీమా వాటి విషయంలో పనికిరాదు. పైగా అవి చాలాసార్లు చప్పుడు చేయకుండ, ముందుగా హెచ్చరించకుండ ఆగిపోతాయి.

రెండవ ప్రతి

ఇంత విద్య ఉన్నా, అన్నిటికంటె గొప్ప ఉద్ధరణ రెండవ ప్రతి ఉండడమే. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, వాటిలో ఒకటి వేరొక ఊరిలో ఉండవలెనని ఈ శాస్త్రంవారి సూత్రం. పాఠశాలలకు ఇది అసాధ్యం కాదు. బడి కంప్యూటరులో ఒకటి, విడిగా తీసి బీరువాలో పెట్టిన డిస్కులో ఒకటి, ఇంటర్‌నెట్‌లోని భద్రస్థానంలో గాని మరొక ఊరి మిత్రుని వద్ద గాని ఒకటి ఉంటే చాలును. ప్రతి తీసి ఊరకుండరాదు. ఏడాదికి రెండుసార్లయినా తెరిచి చదివి చూడవలె. తెరిచి చూడని ప్రతి ఉన్నట్లు లెక్క కాదు. పాఠాలను యూనికోడులో ఉంచవలె. విలువైనవాటిని అచ్చు వేసి గ్రంథాలయానికి ఇవ్వవలె. అచ్చుప్రతికి ఫాంటు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో వేసవి ఎండ తీవ్రమైనది. కరెంటు హెచ్చుతగ్గులు తెలిసినవే. కంప్యూటరును గాలి ఆడే చోట పెట్టడం, ఉన్నట్టుండి కరెంటు పోకుండ యూపీఎస్ అమర్చడం, డిస్కు తిరుగుతున్నప్పుడు కదపకుండ ఉండడం పిల్లలకు కూడ నేర్పవలసిన అలవాట్లు. విద్యార్థులు తమ అవ్వల పాటలను, తాతల జ్ఞాపకాలను ఫోనులో పట్టుకొంటున్నారు. ఇది చాలా సంతోషించవలసిన విషయం. వారికి పట్టుకొనడంతో పాటు దాచుకొనడం కూడ నేర్పే బాధ్యత ఉపాధ్యాయులది.

ఈ సెలవు దినాన ప్రతివారూ తమ దగ్గర ఒకే చోట మాత్రమే ఉన్నదేదో ఒకసారి చూసుకొందురు గాక. పెద్దల గొంతు కావచ్చు, బడి పత్రిక కావచ్చు, పది సంవత్సరాల మార్కుల పట్టిక కావచ్చు. దానికి ఈ రోజే రెండవ ప్రతి తీయండి. టక్ టక్ మన్న చప్పుడు వినిపించే రోజు ముందుగా చెప్పి రాదు.